విక్టోరియా హాలు ఎవరిది?

చెన్నై సెంట్రల్ స్టేషన్‌లో దిగి పూనమల్లి హైరోడ్డు మీదికి వస్తే పక్కపక్కనే రెండు పాత కట్టడాలు కనిపిస్తాయి. తెల్లగా మెరిసేది రిప్పన్ బిల్డింగ్, నగర కార్పొరేషన్ ఆఫీసు. దాని పక్కన ఎర్ర ఇటుకలతో, కోసుగా లేచిన పైకప్పుతో ఉన్నది విక్టోరియా పబ్లిక్ హాలు. రిప్పన్ బిల్డింగ్ 1913లో తెరిచిన నాటి నుంచి ఆఫీసుగానే నడుస్తోంది. హాలు దానికంటే పాతికేళ్లు పెద్దది. ఒకప్పుడు మద్రాసు ఊరంతటికీ నాటకశాల, సభాస్థలం అదే. తర్వాత మాత్రం ఏళ్ల తరబడి తాళం వేసి ఉంది, గోడల్లో రావి మొక్కలు మొలిచాయి. రెండింటి కింద ఉన్న నేల కార్పొరేషన్‌దే. మరి ఒకటి నిలబడి రెండోది ఎందుకు పాడుబడింది?

ఎవరిని అడిగినా ఠక్కున వచ్చే జవాబు నిర్లక్ష్యం. అందులో నిజం లేకపోలేదు గానీ, అదే యజమాని పక్క భవనాన్ని ఎందుకు నిర్లక్ష్యం చేయలేదో ఆ జవాబు చెప్పదు. దానికి హాలు పుట్టిన తీరు చూడాలి.

1882 మార్చిలో మద్రాసు పెద్దలు సమావేశమై ఊరికి ఒక టౌన్ హాలు కావాలని తీర్మానించారు. కట్టింది ప్రభుత్వం కాదు. సంస్థానాధీశులు, జమీందార్లు, వ్యాపారులు చందాలిచ్చారు. 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసినది మన విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. నక్షా గీసినది రాబర్ట్ చిషోమ్. మద్రాసు సెనేట్ హౌస్, తిరువనంతపురంలోని నేపియర్ మ్యూజియం కూడా ఆయన చేతివే. ఈ హాలు పైకప్పులో కేరళ కోవెలల పోలిక కనిపిస్తుందంటే కారణం అదే. కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. మద్రాసులో ఆనాటి ఎర్ర కట్టడాల్లో చాలా వాటిని ఆయన మేస్త్రీలే లేపారు. 1887లో రాణి పాలనకు స్వర్ణోత్సవం వచ్చింది కాబట్టి టౌన్ హాలుకు ఆవిడ పేరు పెట్టారు. చాలామందికి మాత్రం అది టౌన్ హాలుగానే మిగిలింది.

భవనం చందాల డబ్బుతో లేచింది, దాన్ని నడపడానికి ట్రస్టు ఏర్పడింది. స్థలం మాత్రం మునిసిపాలిటీది. ట్రెవెల్యాన్ గవర్నరుగా ఉన్నప్పుడు ఊరి జనం కోసం వేయించిన పీపుల్స్ పార్కులోంచి 57 గ్రౌండ్లు, అంటే సుమారు 3.14 ఎకరాలు, ట్రస్టుకు 99 ఏళ్ల లీజుకిచ్చారు. అద్దె గ్రౌండుకు ఏడాదికి ఎనిమిది అణాలు. మొత్తం కలిపినా ముప్పై రూపాయలు దాటదు. ఆ రోజు సంతకాలు చేసినవాళ్లకు 99 ఏళ్లంటే శాశ్వతం కిందే లెక్క. తర్వాత వచ్చిన చిక్కులన్నీ ఈ కాగితంలోంచి పుట్టినవే.

బళ్లారి నుంచి వచ్చిన నాటకం

కాగితాల సంగతికి ముందు, లోపల ఏం జరిగేదో చెప్పుకోవాలి. లేకపోతే ఈ గొడవంతా ఒట్టి ఆస్తి తగాదాలా కనిపిస్తుంది.

కింద ఒక హాలు, పైన ఒక హాలు. ఒక్కోదాంట్లో సుమారు 600 మంది పడతారు. పై హాలులో చెక్క గ్యాలరీ ఉంది, అందులో ఇంకో 200 మంది కూర్చోవచ్చు. మైకులు లేని రోజుల్లో ఈ కొలత సరిగ్గా సరిపోయేది. వేదిక మీద గొంతెత్తి మాట్లాడితే చివరి వరుస దాకా వినపడాలి కదా.

1891లో బళ్లారి నుంచి సరస వినోదినీ సభ వాళ్లు ఇక్కడికొచ్చి తెలుగు నాటకాలు ఆడారు. ఆ సభకు పెద్ద ధర్మవరం రామకృష్ణమాచార్యులు. వృత్తికి వకీలు, తర్వాత ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందినవాడు. ప్రేక్షకుల్లో పమ్మల్ సంబంధ ముదలియార్ అనే పద్దెనిమిదేళ్ల తమిళ కుర్రాడు ఉన్నాడు. అప్పట్లో చదువుకున్న కుటుంబాల్లో నాటకమంటే చిన్నచూపు. తిరునాళ్లలో రాత్రంతా ఆడే కూత్తు అనే వీధినాటకం, లేదంటే పొట్టకూటి కోసం ఊరూరూ తిరిగే కంపెనీలు, అంతే. కోర్టులో వాదించే ఒక వకీలు ముఖానికి రంగు పూసుకుని వేదికెక్కడం, ఆ బృందంలో ఉన్నవాళ్లు కూడా చదువుకున్న గృహస్థులే కావడం ఆ కుర్రాడిని కుదిపేసింది. అదే ఏడాది జులై 1న అతను స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. ఆధునిక తమిళ నాటకం కథ అక్కడే మొదలవుతుంది. తమిళ రంగస్థలానికి పునాదిరాయి పడింది ఒక తెలుగు నాటకం చూసినందువల్లే. ఇది మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఎందుకు చెప్పుకోమో నాకు అర్థం కాదు.

సుగుణ విలాస సభ కొన్నేళ్లకు ఈ హాలులోకే మకాం మార్చింది. తమిళంతో ఆగలేదు. తెలుగు, ఇంగ్లీషు, సంస్కృత నాటకాలు కూడా ఆడింది. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ ఆ సభతో కలిసి వేషాలు కట్టాడు. సభ్యులు పగలు కోర్టుల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు. సాయంత్రం రిహార్సల్. ఇవాళ కమ్యూనిటీ ఆర్ట్స్ సెంటర్ అని పేరు పెట్టి మనం అడుగుతున్నది ఇదే. డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ వచ్చేవాళ్లకు ఒక వేదిక, రిహార్సల్‌కు ఒక గది, సామాను పెట్టుకోవడానికి ఒక మూల.

1890లు ముగిసేలోపే ఇదే హాలులో కదిలే బొమ్మలు ఆడించారు. మద్రాసు చూసిన తొలి సినిమా ప్రదర్శనల్లో అదొకటి. 1897 ఫిబ్రవరిలో అమెరికా నుంచి తిరిగొచ్చిన వివేకానందుడికి ఇక్కడ సన్మానం పెడితే, లోపల పట్టినంతమంది పట్టి ఇంకా వేలమంది బయట ఉండిపోయారు. ఆయన బయటికొచ్చి గుర్రబ్బండి ఎక్కి, గీతలో లాగా రథం మీంచే మాట్లాడతానని చమత్కరించాడు. రెండు రోజుల తర్వాత లోపలి వేదిక మీద అసలు ఉపన్యాసం ఇచ్చాడు. బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ పుట్టుకకు సంబంధించిన 1916 నాటి సమావేశాలను కూడా చాలామంది ఈ హాలుతోనే ముడిపెడతారు.

జనం ముందు వెళ్లారు, వాన తర్వాత వచ్చింది

హాలు పాడైపోయింది కాబట్టి జనం రావడం మానేశారని అనుకుంటాం. జరిగింది తిరగేసి. జనం తగ్గాకే హాలు పాడైంది.

1930ల్లో మాటల సినిమా వచ్చింది. నాటకాలాడే వాళ్లు, చూసే వాళ్లు అటు మళ్లారు. సుగుణ విలాస సభ 1936లో మౌంట్ రోడ్డుకు మారిపోయింది. మైలాపూరు, త్యాగరాయనగర్ వైపు ఊరు పెరిగే కొద్దీ అక్కడి సభలే ఆ పేటల వాళ్ల సాయంత్రాలను పంచుకున్నాయి. ఇంటి పక్కనే కచేరీ ఉంటే రాత్రిపూట సెంట్రల్ దాకా ఎవరొస్తారు? 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక తెలుగు సభలూ సమావేశాలూ కర్నూలు, విజయవాడ, హైదరాబాదుల దారి పట్టాయి. ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా 1960ల చివర్లో హాలుకు కొంత మరమ్మతు జరిగింది గానీ పాత సందడి తిరిగి రాలేదు. ఆవరణలో క్రీడల అసోసియేషన్, హోటలు, దుకాణాలు వెలిశాయి. వేదిక మూగబోయినా స్థలం మాత్రం అద్దెలు తెస్తూనే ఉంది.

ఇక్కడ లీజు గడియారాన్ని చూడాలి. 99 ఏళ్ల లీజులో మొదటి యాభై ఏళ్లు అద్దెకున్నవాడు సొంత ఇంట్లో ఉన్నట్టే చూసుకుంటాడు. చివరి పాతికేళ్లలో లెక్క మారుతుంది. పదేళ్లలో చేజారిపోయే భవనానికి పైకప్పు మార్పించడానికి ట్రస్టు లక్షలు ఎందుకు పోస్తుంది? ఇంకా చేతికి రాని భవనానికి కార్పొరేషన్ ఎందుకు ఖర్చు పెడుతుంది? ఇద్దరిదీ తెలివైన లెక్కే. ఇద్దరి తెలివీ కలిసి భవనాన్ని వానకు వదిలేసింది. నిర్లక్ష్యం అని మనం ఒక్క ముక్కలో తేల్చేది చాలాసార్లు ఇలాంటి లెక్కే అయి ఉంటుంది.

లీజు 1985లో ముగిసింది. అదే ఏడాది మే నెలలో పక్కనున్న మూర్ మార్కెట్ కాలిపోయింది. పాత పుస్తకాల కోసం తెలుగువాళ్లు రైలెక్కి మరీ వెళ్లిన మార్కెట్ అది. దాని స్థానంలో రైల్వే వాళ్ల సబర్బన్ స్టేషన్ భవనం వచ్చింది. ఆ ఇరుగుపొరుగులో పాత వినోదం ఆనవాలుగా ఇక హాలు ఒక్కటే మిగిలింది.

గడువు తీరాక స్థలం కార్పొరేషన్‌ది, అందులో సందేహం లేదు. మరి భవనం? మన ఆస్తి బదలాయింపు చట్టం కూడా 1882 నాటిదే. ఒప్పందంలో వేరే మాట లేకపోతే, లీజుదారు ఖాళీ చేసేలోపు తాను నేలకు బిగించినవన్నీ తీసుకుపోవచ్చని, నేలను మాత్రం తీసుకున్నప్పటిలా అప్పగించాలని అందులోని 108వ సెక్షన్ చెబుతుంది. రేకుల షెడ్డుకైతే ఈ సూత్రం సరిపోతుంది. రెండంతస్తుల ఇటుక హాలును ఊడదీసి ఎవరు పట్టుకుపోతారు? పైగా ఆ ఇటుకలు ట్రస్టు సొంత డబ్బుతో కొన్నవి కావు, ఊరి జనం చందాలవి. చట్టం చూస్తే యజమాని ఒకడు, నైతికంగా ఇంకొకడు. అద్దెలు వసూలు చేసుకునేది మరొకడు. కోర్టు వ్యవహారాలు ఏళ్ల తరబడి సాగాయి. చివరికి హాలు కార్పొరేషన్ చేతికొచ్చింది. అప్పటికి పైకప్పు నుంచి నీళ్లు దిగి దూలాలు దెబ్బతిన్నాయి. తర్వాత మరమ్మతు మొదలుపెట్టడం, ఆగిపోవడం, పక్కనే మెట్రో తవ్వకాలు, మళ్లీ ఆలస్యం. 2023లో సింగార చెన్నై 2.0 పథకం కింద 32 కోట్ల పైచిలుకు ఖర్చుతో పూర్తిస్థాయి పునరుద్ధరణ పని మొదలైంది. కొంత భాగం మ్యూజియంగా, కొంత భాగం ప్రదర్శనలకు అని సంకల్పం.

అంత డబ్బు దేనికి అని అడిగేవాళ్లకు కాస్త వివరం. పాత మద్రాసు కట్టడాల్లో ఇటుకలను పట్టి ఉంచేది సున్నం. సున్నపు గోడ తేమను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఇరుక్కుంటుంది. ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. గతంలో చేసిన చవక మరమ్మతులు చాలా భవనాలకు చేసిన మేలు ఇదే. కాబట్టి ముందు ఆ సిమెంటు గీకాలి. తర్వాత సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు కలిపి గచ్చు తయారుచేయాలి. పైకప్పు మద్రాస్ టెర్రస్ అయితే టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేర్చుకుంటూ పోవాలి. ఆ పని చేతికొచ్చిన మేస్త్రీలు ఇప్పుడు కొద్దిమందే. సిమెంటు పని తొందరగా ఎండుతుంది, బిల్లు తొందరగా పాసవుతుంది. సున్నం పని ఆరడానికి టైమివ్వాలి. కాంట్రాక్టు గడువులకూ సున్నానికీ ఎప్పుడూ పడదు.

చట్టం కాపాడదా అంటే, కొంతవరకు కాపాడుతుంది. జస్టిస్ పద్మనాభన్ కమిటీ చెన్నైలో 467 వారసత్వ కట్టడాల జాబితా ఇచ్చింది. 2010లో మద్రాసు హైకోర్టు ఆ జాబితాలోని భవనాలను ముట్టుకోవాలంటే నిపుణుల కమిటీ అనుమతి ఉండాలంది. హైదరాబాదులో కథ ఎదురు నడిచింది. పాత భవనాలను కాపాడే 13వ రెగ్యులేషన్‌ను 2015లో తీసేశారు. 2019లో అక్కడి ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది కాబట్టి అది నిలిచింది. కోర్టులూ జాబితాలూ గడ్డపారను ఆపగలవు. సాయంత్రం ఆరింటికి ఆ తలుపు ఎవరు తీస్తారన్నది వాటి పని కాదు.

షికాగోలో ఏం చేశారు

వివేకానందుడు 1893లో ప్రసంగించిన షికాగో భవనం మిషిగన్ అవెన్యూ మీద ఉంది. అదే వీధిలో కొంచెం ఉత్తరంగా అప్పుడు నగర గ్రంథాలయం కడుతున్నారు. ఆయన విక్టోరియా హాలులో మాట్లాడిన 1897లోనే అది తెరుచుకుంది. పాలరాయి మెట్లు, గోడల నిండా మొజాయిక్, టిఫనీ కంపెనీ చేసిన 38 అడుగుల గాజు గుమ్మటం. ఇవాళ దాని పేరు షికాగో కల్చరల్ సెంటర్. దాని కథ, మన హాలు కథ కొంత దూరం ఒకే దారిలో నడిచాయి.

అక్కడా స్థలం మీద పేచీ వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన మాజీ సైనికులు కూడా ఆ స్థలం తమకు కావాలన్నారు. భవనంలోనే వాళ్లకొక స్మారక మందిరం కట్టి, యాభై ఏళ్లు వాడుకోనిచ్చేలా రాజీ కుదిరింది. గడువు తీరాక 1948లో వాళ్ల కత్తులూ జెండాలూ గ్రంథాలయానికే దక్కాయి. పెద్ద గొడవ లేదు. నేల, భవనం, రెండూ ఊరివే కావడమే కారణం.

అక్కడా భవనం పాతబడింది, పుస్తకాలకు చోటు చాలలేదు. కూల్చేసి కొత్తది కట్టాలన్న మాట బలంగా వచ్చింది. 1972లో మేయరు భార్య ఎలినోర్ డేలీ ఒక విలేకరితో, ఆ అందమైన భవనాన్ని కూల్చడం తనకిష్టం లేదన్నట్టు మాట్లాడింది. కూల్చివేత ఊసు చల్లారింది. ఊళ్లో పెద్ద పెద్ద ఆర్కిటెక్టులు చెప్పినా వినని నగరం ఇంటావిడ మాట విన్నదన్నమాట. 1976లో చట్టబద్ధమైన రక్షణ దొరికింది. 1991లో గ్రంథాలయం కొత్త భవనానికి మారాక పాతది పూర్తిగా కళలకు మిగిలింది.

మనం పట్టించుకోవాల్సింది ఆ తర్వాతి ఏర్పాటు. ప్రవేశం ఉచితం. కచేరీలు, చిత్ర ప్రదర్శనలు ఏడాది పొడుగునా ఉచితమే. నగర సాంస్కృతిక శాఖ ఆఫీసు కూడా ఆ భవనంలోనే ఉంది. ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా లెక్కలో అదే అసలుది. రోజూ పొద్దున పనికొచ్చే మనిషి నెత్తిన నీటి చుక్క పడితే ఆ వారంలోనే ఫైలు కదులుతుంది. రిప్పన్ బిల్డింగ్ బతకడానికి కారణం కూడా అంతకంటే పెద్దదేం కాదు.

షికాగో పద్ధతిని ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టేయొచ్చని కాదు. అది కట్టినప్పటి నుంచే ఊరి డబ్బుతో నడిచే భవనం. విక్టోరియా హాలు, 1890లో కందుకూరి వీరేశలింగం సొంత డబ్బు పోసి రాజమండ్రిలో కట్టిన టౌన్ హాలు వేరే జాతివి. అవి ఊరి పెద్దల పూనికతో పుట్టాయి, ట్రస్టుల చేతుల్లో పెరిగాయి. ట్రస్టుకు పట్టుదల ఉంటుంది, తరం మారితే సన్నగిల్లుతుంది. కార్పొరేషన్ దగ్గర డబ్బుంటుంది, నాటకం గురించి దానికేం తెలియదు. రెండింటినీ ఒక కమిటీలో కూర్చోబెట్టడం చెప్పినంత తేలిక కాదు, అయినా వేరే దారి నాకు కనిపించడం లేదు.

మరమ్మతు ఒక్కసారి చేసే ఖర్చు. ఏటా వచ్చేది వేరే. కరెంటు, కాపలా, ఫైర్ పరికరాలు, లిఫ్టు, టాయిలెట్లు, సున్నం పూత. చెక్క గ్యాలరీలో 200 మందిని కూర్చోబెట్టడానికి ఇప్పటి ఫైర్ నిబంధనలు ఒప్పుకుంటాయా అన్నదీ ప్రశ్నే. ఇంకో ఇబ్బంది రోడ్డు. చిషోమ్ కాలంలో కిటికీలు తెరిస్తే సముద్రపు గాలి వచ్చేది. ఇప్పుడు తెరిస్తే బస్సుల హారన్లు వస్తాయి. గాలి కావాలంటే తీయాలి, డైలాగు వినపడాలంటే మూయాలి. మూస్తే ఏసీ పెట్టాలి. ఏసీ పెడితే అద్దె పెంచాలి. అద్దె పెరిగితే చిన్న నాటక బృందం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, హాలు కార్పొరేట్ మీటింగులకూ పెళ్లి రిసెప్షన్లకూ పోతుంది. లెక్కల్లో అప్పుడు హాలు బాగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది.

అందుకే ఇలాంటి భవనం తెరిచినప్పుడు నేను ముందుగా అడిగేది అద్దె పట్టిక. వారం రోజుల్లో ఏ రోజు తక్కువ ధరకు అమెచ్యూర్ బృందాలకు కేటాయించారు? రిహార్సల్ గది ఉందా? తారీఖులు ఇచ్చేది ఎవరు, ఆఫీసరా, నాటకం తెలిసిన మనిషి కూడా ఉన్నాడా? మ్యూజియంలో గవర్నర్ల ఫొటోలతో పాటు 1891లో బళ్లారి నుంచి వచ్చిన ఆ వకీలు గారికి ఎంత గోడ ఇచ్చారు? చెన్నైలోని తెలుగు సంఘాలు కనీసం ఈ చివరి ప్రశ్న కార్పొరేషన్‌ను రాతపూర్వకంగా అడగొచ్చు. రిప్పన్ బిల్డింగ్ పక్కనే కాబట్టి దరఖాస్తు ఇవ్వడానికి దూరం కూడా పోనక్కర్లేదు.